తుమ్మ దిమ్మలు

పున్నారావు ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలని మనిషి. ఆ మాట బందరులో చాలామంది గురించి అంటారు గానీ, వాళ్లందరినీ తీసుకొచ్చి పున్నారావు పక్కన నిలబెడితే దానకర్ణుల్లా కనిపిస్తారు. డబ్బిచ్చి పని చేయించుకోవడమంటే ఆయనకు ఒంటి మీద తేళ్లు పాకినట్టుండేది. అద్దం ముందు కూచుని తన జుట్టు తనే కత్తిరించుకునేవాడు. ఒకసారి పన్ను నొప్పొస్తే కటింగ్ ప్లయరు పెట్టి తనే పీక్కున్నాడు. తీరా చూస్తే పీకింది పుచ్చుపన్ను కాదు, దాని పక్కది. మర్నాడు పుచ్చుది కూడా పీక్కుని, రెండు పళ్లనీ అరచేతిలో పెట్టుకుని, "డాక్టరైతే రెండింటికీ వేరువేరుగా వసూలు చేసేవాడు" అని సంబరపడ్డాడు.

"మనకేం చేతుల్లేవా?" అన్నది ఆయన ఊతపదం. ఆ 'మన'లో తన చేతులు కూడా ఉన్నాయని అన్నపూర్ణకు కాపురానికొచ్చిన కొత్తలోనే తెలిసింది. పెంకులు నేసేటప్పుడు నిచ్చెన పట్టుకునేది ఆవిడ. గోడ కట్టేటప్పుడు అడుసు తొక్కేది ఆవిడ. ఆయన నేసిన పెంకుల్లోంచి వాన కారితే, ఆ నీళ్లు పడేది కూడా ఆవిడ మంచం వైపే.

పిల్లల్లేరు. అన్నపూర్ణ పుట్టిల్లు చిలకలపూడి. అక్కడి ఆడపిల్లలందరిలాగే చిన్నప్పుడే రోల్డ్ గోల్డ్ గొలుసుల పని నేర్చుకుంది. ఆవగింజంత కొక్కేలను చిన్న పట్టకారుతో పట్టి ఒకదాన్లో ఒకటి తొడగాలి. చూపుడువేలూ నడిమివేలూ బొటనవేలూ మాట్లాడుకుంటున్నట్టు కదలాలి. అన్నపూర్ణ వేళ్లు అలా కదిలేవి. పెళ్లయ్యాక కూడా ఆ పని మానలేదు. మధ్యాహ్నం వసారాలో చాప వేసుకుని, ఒళ్లో తెల్లగుడ్డ పరుచుకుని కూచుంటే ప్రపంచమంతా ఆ గుడ్డ మీదికి వచ్చేసేది. ఆ వేళ ఎవరూ ఆవిణ్ణి 'ఏమే' అనకూడదు. ఆ ఇంట్లో ఆవిడ సొంతమంటూ ఉన్నది ఆ గంటా, ఆ వేళ్లే. పున్నారావు కూడా ఆ పని మానమనలేదు, ఎందుకంటే ఆ డబ్బుతో ఆవిడ కోకలు ఆవిడే కొనుక్కునేది.

పున్నారావుకు ఒక వ్యాను ఉండేది. మిలిటరీ వాళ్లు వదిలించుకుంటే కొన్నాడు. డ్రైవరును పెట్టుకోకుండా తనే తోలుకుంటూ గుడివాడకీ, మొవ్వకీ, పమిడిముక్కలకీ పెళ్లివాళ్లనో పిండివంటల్నో చేరవేసేవాడు. జరుగుబాటుకు లోటు లేదు.

డెబ్భై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. దివిసీమ సంగతి మళ్లీ చెప్పడానికి నోరు రాదు. ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. బతికినవాళ్లకు బియ్యమూ దుప్పట్లూ పంపాలని ఎక్కడెక్కడి జనమో బందరులో దిగారు. రోడ్లేవీ? అవనిగడ్డ దాటితే చాలు, మోకాటి లోతు నీళ్లూ బురదా. ఎత్తున్న బండే వెళ్తుంది, ఎత్తు లేనిది పొట్ట ఆనించి కూచుంటుంది. పున్నారావు వ్యాను రెండుసార్లు అలా కూచుంది. జనం చచ్చి పడున్న దారిలో ఆ మహానుభావుడు ఏడ్చింది మాత్రం చేజారిపోయిన కిరాయిల గురించి.

వీధిలో నాలుగు గుమ్మాల అవతలే సర్దార్ కమాను షాపు. కమానంటే బండి బరువు మోసే ఇనప పట్టీల కట్ట. దానికి కొత్త పట్టీలు జోడిస్తే బండి జానెడు పైకి లేస్తుంది. ఆ రోజుల్లో అద్దె బళ్ల వాళ్లందరూ సర్దార్ కొలిమి ముందే క్యూ కట్టారు. పున్నారావు కూడా వెళ్లాడు, రేటు కనుక్కోవడానికి.

"రెండ్రోజులు బండి నా దగ్గర వదిలెయ్యండి పున్నారావు గారూ. పట్టీలు కొత్తవేసి, క్లాంపులు మార్చి ఇస్తా. మళ్లీ చూసుకోనక్కర్లేదు," అన్నాడు సర్దార్. చెప్పిన రేటు వినగానే పున్నారావు కొలిమిలో చెయ్యి పెట్టినవాడిలా ఎగిరిపడ్డాడు.

"ఇనుము నీదా, బంగారమా? మా తాత ఎడ్లబండికి ఇరుసు మీద దిమ్మలేసి ఎత్తు చేసేవాడు. మనకేం చేతుల్లేవా?"

"ఎడ్లబండి వేరండీ, ఇది వేరండీ," అన్నాడు సర్దార్.

"ఇరుసిరుసేనయ్యా!" అని పున్నారావు చక్కా వచ్చేశాడు.

ఉప్పెనకు కాలవ గట్టున కూలిన తుమ్మచెట్టొకటి ఉంది. దిక్కు లేని చెట్టు, ఊరికే వచ్చే కర్ర. మొద్దులు కోసి, దిమ్మలు చెక్కాడు. మధ్యలో బోల్టు తల కూచోడానికి గుంటలు తొలిచాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ పచ్చి దిమ్మల్ని తాడు కట్టి తీసుకెళ్లి కాలవలో నానేశాడు. బండి చక్రం వదులైతే నీళ్లలో వేస్తాం, కర్ర ఉబ్బి ఇనప పట్టా బిగుస్తుంది, ఇదీ అంతే అని ఆయన లెక్క. ఎడ్లబండి తోలిన వంశం కదా, కర్ర ఉబ్బడమే గుర్తుంది గానీ ఎండితే ఏమవుతుందో గుర్తు లేదు.

దిమ్మలు బిగించే రోజున పెరట్లో వ్యాను వెనక భాగాన్ని జాకీతో ఎత్తాడు. సర్దార్ షాపులో జాకీకి తోడుగా ఇనప స్టాండ్లు పెడతారు. పున్నారావు ఒక చెక్కపలక వేసి, దాని మీద జాకీ నిలబెట్టాడు, అంతే. ఇరుసు మీద దిమ్మ పెట్టి, పైనుంచి కమానును దించుతుంటే, కమాను కింది బోల్టు తల సరిగ్గా దిమ్మ గుంటలో దిగాలి. దిమ్మను పట్టుకుని అటూ ఇటూ సర్దే మనిషి కావాలి.

"ఏమే, ఇలా రా! నా వేళ్లు లావు, దూరవు. నీవి సన్నం."

అన్నపూర్ణ ఒళ్లో గుడ్డ మడిచి, పట్టకారు అందులో పెట్టి వచ్చింది. చక్రం పక్కన బురదలో కూచుని చెయ్యి లోపలికి పెట్టింది. తడి దిమ్మ జారుతోంది.

"ఆగండి, ఇంకా కుదర్లేదు," అంది.

"దించేకొద్దీ అదే కుదురుద్ది."

"ఆగండీ, నా వేళ్లు..."

"అబ్బ, ఊరుకోవే!"

జాకీ రాడ్డు మరో చుట్టు తిరిగింది. అన్నపూర్ణ అరిచిన అరుపుకి గోడ మీద కాకులు లేచిపోయాయి. పున్నారావు గబగబా వచ్చి వంగి చూశాడు. ముందు చూసింది చెయ్యి కాదు.

"దిమ్మ పగల్లేదు కదా?" అన్నాడు.

పగల్లేదు. బోల్టు తల గుంటలో చక్కగా కూచుంది. అంత చక్కగా కూచున్నదాన్ని మళ్లీ ఎత్తాలా అని ఆయన కాసేపు తటపటాయించాడు. "మెల్లిగా లాక్కో. వస్తుంది, లాక్కో," అన్నాడు. ఆవిడ చెయ్యి రాలేదు. పక్కింట్లోనే కాపురముంటున్న సర్దార్ భార్య చాంద్ బీ గోడ దూకినంత పనిచేసి వచ్చి, "జాకీ ఎత్తుతారా, మా ఆయన్ని పిలవనా? మనిషివేనా నువ్వు!" అని కేకలేసింది. సర్దార్ వస్తే ఊరికే వెళ్లడని పున్నారావు జాకీ ఎత్తాడు.

ఆస్పత్రి మాట ఎత్తితే, "వాళ్లకేం, కోసి పారేస్తారు. మనకేం చేతుల్లేవా?" అన్నాడు. ఆ పూట ఆ మాట ఎలా అనగలిగాడో ఆ నోటికే తెలియాలి. పసుపూ సున్నమూ కలిపి పట్టించి గుడ్డపీలిక చుట్టాడు. అన్నపూర్ణ చెయ్యి వాచి, నల్లబడి, చివరికి వాసన వచ్చింది. అప్పుడు చాంద్ బీ ఎవరినీ అడక్కుండా రిక్షా పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లింది. ముందే తెచ్చుంటే వేళ్లు నిలిచేవని డాక్టరు గారు అన్నారు. కుడిచేతికి చూపుడువేలూ నడిమివేలూ తీసేశారు.

తిరిగొచ్చిన భార్యను చూసి పున్నారావు అన్న మాట ఇదీ: "చూశావా, చెప్పానా? డబ్బు తగలేసి మరీ కోయించుకొచ్చావు."

చిలకలపూడి నుంచి గొలుసుల పని ఇచ్చే మనిషి వచ్చాడు. ఆవిడ ఎడంచేత్తో పట్టకారు పట్టి చూపించబోయింది. కొక్కెం ఎగిరిపోయి ఎక్కడో పడింది. చాప మీద వెతికింది, దొరకలేదు. వచ్చినాయన మంచివాడు, తల వంచుకుని సామానంతా మూట కట్టుకుని తీసుకెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం అన్నపూర్ణ తెల్లగుడ్డ పరుచుకుని, ఖాళీ గుడ్డ ముందు కూచుని ఏడ్చింది.

వ్యాను మాత్రం ఏనుగులా నిలబడింది. నీళ్లలో దిగి, బురద తొక్కి, దివిసీమకు వెళ్లొచ్చేది. దుప్పట్లు పంచడానికొచ్చిన పుణ్యాత్ముల దగ్గర పున్నారావు రెండింతలు పుచ్చుకునేవాడు. సర్దార్ షాపు ముందు బండి ఆపి, పని లేకపోయినా హారను కొట్టి, "ఎలా ఉంది మా తాత కమాను?" అని అడిగేవాడు. సర్దార్ నవ్వి మళ్లీ సమ్మెట ఎత్తేవాడు.

ఎడ్లబండి బుద్ధి పున్నారావును వదల్లేదు. కర్ర ఆరితే వదులవుతుందని ఇప్పుడు గుర్తొచ్చింది. దానికి కూడా ఆయన దగ్గర ఉపాయం ఉంది. "పొద్దున ఓ బిందె, సాయంత్రం ఓ బిందె దిమ్మల మీద పొయ్యి. తడి ఆరకూడదు. నీకిప్పుడు గొలుసుల పని లేదుగా, ఖాళీయే!"

అలా తన వేళ్లు తిన్న దిమ్మలకు అన్నపూర్ణ రోజూ నీళ్లు పోసింది. కాలవలో నీళ్లున్నన్నాళ్లూ పరవాలేదు. ఎండాకాలం వచ్చింది. కాలవలు కట్టేశారు. బందరులో బావి నీళ్లు ఉప్పు కషాయం, మంచినీళ్లంటే కుళాయి నీళ్లే. ఆ కుళాయి కూడా ఉమ్మినట్టు వచ్చేది. రోహిణి ఎండలో వరసలో నిలబడి, పట్టు లేని చేతిని బిందె కిందకి పోనిచ్చి, మోచేత్తో నడుముకి అదుముకుని తెచ్చుకునేది. దార్లో సగం ఒలికిపోయేది.

"ఉప్పునీళ్లు పోస్తే క్లాంపులు తుప్పుపడతాయి. మంచినీళ్లే పొయ్యి," అనేవాడు ఆయన. "ముందు బండికి. మిగిలితే ఇంట్లోకి."

ఒకనాడు ఎండలో బిందె తెచ్చి వ్యాను పక్కన దించింది. నాలుక పిడచకట్టుకుపోయింది. ఇంట్లో కుండ ఖాళీ. బిందె వంక చూసింది, దిమ్మ వంక చూసింది. దిమ్మ మీద తన నెత్తుటి మరక ఇంకా నల్లగా ఉంది. అన్నపూర్ణ బిందెలో చెంబు ముంచి గటగటా తాగింది. ఇంకో చెంబు తాగింది. మిగతా నీళ్లు పెరటి వెనక్కి తీసుకెళ్లి తలారా పోసుకుంది. పెళ్లయ్యాక అంత హాయిగా ఎప్పుడూ స్నానం చెయ్యలేదు.

"పోశావా?" అని అడిగాడు పున్నారావు వచ్చాక.

"పోశానండీ," అంది. ఆయనతో ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అది.

లోపల భయం మాత్రం వేసింది. జనం ఎక్కే బండి, ఎవరికేమైనా అయితే? మర్నాడు పొయ్యాలనే బిందె ఎత్తింది. వ్యాను తలుపు పట్టుకుని వంగబోతుంటే పున్నారావు లోపలినుంచి అరిచాడు: "ఆ మొండిచెయ్యి సీటుకి తగిలించకే! చూసి జనం అసహ్యపడతారు."

అన్నపూర్ణ బిందె ఎత్తుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది. కాసు పోతుందంటే గోడ అవతల చీమ చిటుక్కుమన్నా వినే మనిషి, బండి చప్పుడు వినకపోతాడా, తనే ఆపుకుంటాడు అనుకుంది. అలా అనుకుని భయాన్ని పక్కన పెట్టేసింది. ఆ తర్వాత ఒక్క చుక్క కూడా పొయ్యలేదు.

అనుకున్నట్టే అయింది. గుడివాడ నుంచి ఖాళీ బండితో వస్తుంటే వెనకాల టకటకమని మొదలైంది. వ్యాను ఎండ్రకాయలా పక్కకి నడుస్తోంది. పున్నారావు మెల్లిగా ఇల్లు చేర్చి వంగి చూశాడు. దిమ్మలు ఎండి, కుంచించుకుపోయి, కమానును ఇరుసుకి బిగించే క్లాంపులు వేలాడుతున్నాయి. ఈ ఎండకి ఎన్ని నీళ్లు పోసినా ఆగవని ఎండనే తిట్టాడు.

"సర్దార్ గారికి చూపిస్తారా?" అంది అన్నపూర్ణ.

"దీనికా? డబ్బా రేకు ముక్కలు రెండు దూరిస్తే బిగుసుకుంటుంది. మనకేం చేతుల్లేవా?"

అన్నపూర్ణ తన చేతి వంక చూసుకుంది.

మిట్టమధ్యాహ్నం. పెరటి నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉంది. ఆ నెర్రె మీదే పలక వేసి, పలక మీద జాకీ పెట్టి ఎత్తాడు. క్లాంపులు విప్పాడు. కమానుకీ దిమ్మకీ మధ్య సందు రాగానే, రేకు పట్టుకుని తనే చెయ్యి లోపలికి పెట్టాడు. సన్నవేళ్లు ఇప్పుడు లేవు కదా, లావు వేళ్లతోనే సరిపెట్టుకోవాలి. నెర్రె అంచు విరిగింది, పలక ఒరిగింది, జాకీ పడిపోయింది. బండి బరువంతా కమాను మీదుగా ఆయన కుడిచేతి మీద కూచుంది.

చాంద్ బీ ఆ రోజు గుడ్లవల్లేరు పుట్టింటికి వెళ్లింది. సర్దార్ షాపులో సమ్మెట దెబ్బల మోతలో ఏ అరుపూ వినబడదు. అన్నపూర్ణ ఒక్కతే వచ్చింది. వంగి, తాపీగా, లోపలికి చూసింది.

"దిమ్మ పగల్లేదండీ," అంది.

"జాకీ పెట్టవే! ఎత్తవే ముండా!"

ఆవిడ జాకీ తెచ్చి పలక సర్ది నిలబెట్టింది. రాడ్డు పట్టుకుని తిప్పబోయింది. నిజంగానే తిప్పబోయింది, ఎందుకంటే ఆ అరుపు ఎలాంటిదో ఆవిడకు తెలుసు. కుడిచేతిలో రాడ్డు జారిపోయింది. ఎడంచెయ్యి వేసింది, చాల్లేదు. రెండు చేతులూ కలిపినా బరువు లేవలేదు.

"పట్టు చిక్కట్లేదండీ," అని కుడిచెయ్యి ఆయన మొహం ముందు పెట్టి చూపించింది. "ఎత్తేదాన్నే. ఆ వేళ్లు లేవు కదండీ."

పున్నారావు మొహంలో చెమట కారుతోంది. ఆ చెయ్యి వంక చూడలేక కళ్లు మూసుకున్నాడు.

"సర్దార్ గారిని పిలవనా మరి?" అంది అన్నపూర్ణ. "డబ్బడుగుతారు."

ఈ మనిషికి ఆ స్థితిలో కూడా బుద్ధి మారలేదంటే నమ్ముతారా? పళ్లు బిగబట్టి, "ముందు రేటు కనుక్కో," అన్నాడు. "దిమ్మలు తీసి పట్టీలెయ్యడానికి ఎంతో అడిగిరా. నేనిలా ఇరుక్కున్నానని చెప్పకు. తొందర చూస్తే ఎక్కువ లాగుతాడు."

"చెప్పొద్దంటారా?"

"చెప్పకన్నానా!"

కాపురానికొచ్చిన నాటినుంచీ మొగుడి మాట జవదాటని ఇల్లాలు అన్నపూర్ణ. కొంగు సవరించుకుని బయల్దేరింది. ఎండలో చెప్పుల్లేకుండా వెళ్తే కాళ్లు కాలతాయని వెనక్కొచ్చి చెప్పులేసుకుంది. షాపులో సర్దార్ బెంచీ తుడిచి కూచోబెట్టాడు. పాత మాటలేమీ ఎత్తకుండా, "మీ ఇంటి పని కదమ్మా, చాలా తగ్గించి చేస్తా," అని రేటు చెప్పాడు. "ఎండన పడొచ్చారు, టీ తాగండి," అని పక్క హోటల్నుంచి తెప్పించాడు. అన్నపూర్ణ టీ ఊదుకుంటూ తాగింది. గ్లాసు కడిగి పెట్టింది. తిరిగొచ్చి మొగుడి పక్కన కూచుని రేటు చెప్పింది.

పున్నారావు మూలిగాడు. "ఎక్కువ... తగ్గించమను."

"అలాగేనండీ," అని లేచింది. గుమ్మం దాకా వెళ్లింది. వెనకనుంచి ఏడుపు వినిపించింది. మొగాడి ఏడుపు, పసిపిల్లల ఏడుపులాంటిది.

"ఎంతైనా ఇస్తానని చెప్పవే! ఎంతైనా!"

అన్నపూర్ణ ఆగింది. ఆ మాట ఆ నోట ఎప్పుడూ వినలేదు.

"ఎంతైనానా అండీ?"

"ఎంతైనా! నీ కాళ్లు పట్టుకుంటానే!"

ఈసారి పరిగెత్తింది. సర్దార్ సమ్మెట పారేసి మనుషులతో వచ్చాడు. బండి ఎత్తి, చెయ్యి బయటికి తీసి, చూసి, తల పట్టుకుని కూలబడ్డాడు. "అమ్మా, ఇందాక వచ్చినప్పుడే చెప్పొద్దూ? అల్లా! టీ తాగి వెళ్లావు కదమ్మా!"

"చెప్పొద్దన్నారండీ," అంది అన్నపూర్ణ.

ఆస్పత్రిలో పున్నారావు చేతికి బొటనవేలొక్కటి మిగిల్చారు. ఆవిడ అడిగిరావడానికి ఎంతసేపు పట్టిందనేదాని మీద ఆ వీధి రెండుగా చీలింది. పాపం ఆడది, మొగుడి మాట విందన్నవాళ్లు కొందరు. రాక్షసి అన్నవాళ్లు కొందరు. చాంద్ బీ పుట్టింటినుంచి వచ్చి సంగతి విని, అన్నపూర్ణ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు కూచుంది.

వ్యానుకు సర్దారే పట్టీలేశాడు. విప్పి తీసిన తుమ్మ దిమ్మల్ని, "ఇవేం చెయ్యమంటారమ్మా?" అని అడిగితే, అన్నపూర్ణ వంటింటి పక్కన పెట్టించుకుంది. పున్నారావు కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని ఇంటికొచ్చిన రోజున వాటిని గొడ్డలితో చీల్పించి పొయ్యిలో పెట్టింది. తుమ్మ కర్ర బాగా ఎండితే మంట నీలంగా, నిలకడగా వస్తుంది. దాని మీద జావ కాచింది.

ఆయన మంచం మీద గోడకి ఆనుకుని కూచున్నాడు. కూచున్న చోటునుంచి వంటిల్లు కనిపిస్తుంది. పొయ్యిలో ఏం మండుతోందో చూశాడు. అన్నపూర్ణ గిన్నె తెచ్చి ఎదురుగా కూచుంది. మిగిలిన మూడు వేళ్లతో చెంచా పట్టుకోవడం ఆవిడకు ఈమధ్యే అలవాటైంది. చెంచాతో జావ తీసి ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన మూతి బిగించుకుని తల పక్కకి తిప్పాడు.

"తాగండి," అంది అన్నపూర్ణ. "కర్ర కొనలేదు."